'వద్దు' అనగలిగితేనే 'సరే'

పాలిసిస్టిక్ కిడ్నీ వ్యాధి వంశపారంపర్యంగా వస్తుంది. పెద్దవాళ్ళలో ఎక్కువగా కనిపించే రకంలో, తల్లికో తండ్రికో జబ్బుంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. ఆడపిల్ల, మగపిల్లాడు అన్న తేడా లేదు. కిడ్నీల నిండా నీటితిత్తులు పుట్టి, ఏళ్ళ తరబడి పెరిగి, చాలామందిలో యాభై, అరవై ఏళ్ళ ప్రాంతంలో కిడ్నీలు పనిచేయడం మానేస్తాయి. జన్యువుకు లింగవివక్ష తెలియదు. ఆ వివక్ష తర్వాత, కిడ్నీ ఎవరిస్తారన్న ప్రశ్న దగ్గర మొదలవుతుంది.

మార్పిడికి రోగిని సిద్ధం చేయడం పెద్ద పని. బాగా ఉబ్బిపోయిన పాత కిడ్నీని, కొత్తదానికి చోటు కోసమో, మాటిమాటికీ ఇన్‌ఫెక్షనో రక్తస్రావమో అవుతోందనో తీసేయాలా అని చూస్తారు. కుటుంబంలో ఎవరికైనా మెదడు రక్తనాళం ఉబ్బి చిట్లిన చరిత్ర ఉంటే మెదడుకు స్కాన్ తీస్తారు. గుండె, రక్తం గ్రూపు, యాంటీబాడీలు అన్నీ పరీక్షిస్తారు. ఊరట ఏమిటంటే, కొత్త కిడ్నీలో ఈ జబ్బు తిరిగి రాదు. డయాలిసిస్ దాకా పోకముందే, బతికున్న దాత నుంచి తీసుకుంటే ఇంకా మంచిదని వైద్యులు చెప్తారు.

మరి ఆ దాత ఎవరు? అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిల్లలు, వీళ్ళలో ఎవరికైనా అదే జబ్బు ఉండొచ్చు. నలభై దాటినవాళ్ళ విషయం అల్ట్రాసౌండ్‌తో చాలావరకు తేలుతుంది. చిన్నవయసు వాళ్ళకి ఎమ్మారై, ఒక్కోసారి జన్యుపరీక్ష కావాలి. ఈ జల్లెడలో రక్తసంబంధీకులు ఒక్కొక్కరే రాలిపోతారు. జబ్బు లేదని తేలినవాళ్ళకి కూడా 'రేపు నాకూ వస్తే?' అనే గౌరవప్రదమైన సాకు ఉంటుంది. ఏ సాకూ లేకుండా మిగిలేది భార్య. అన్నాళ్ళూ పరాయింటి పిల్లగా ఉన్న మనిషి ఆరోజు అందరికన్నా దగ్గరిదైపోతుంది. ఆమెను ఎవరూ బలవంతపెట్టరు. 'నీ పసుపుకుంకుమలు నీ చేతిలోనే ఉన్నాయమ్మా' అంటారు, అంతే.

ప్రేమతో ఇచ్చే భార్యలు లేరా? ఉన్నారు. వాళ్ళ నిర్ణయాన్ని పితృస్వామ్య ప్రభావం అని కొట్టిపారేయడం వాళ్ళను అవమానించడమే. భర్త కిడ్నీ భార్యకు కుదరకపోవడానికి శారీరక కారణం కూడా ఒకటుంది. గర్భం దాల్చినప్పుడు ఆమె శరీరంలో భర్త కణజాలానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారుకావచ్చు. కానీ అది ఎంతవరకు జవాబు చెప్తుంది? జాతీయ అవయవ మార్పిడి సంస్థ నోటో లెక్కల ప్రకారం 1995 నుంచి 2021 వరకు మన దేశంలో జరిగిన 36,640 అవయవ మార్పిడుల్లో స్త్రీలకు అందినవి 6,945. ఇంత తేడాకి యాంటీబాడీలు ఒక్కటే కారణం కాలేవు. భార్య ఇస్తే ధర్మం, భర్త ఇస్తే పేపర్లో వార్త.

1994 నాటి అవయవ మార్పిడి చట్టం భార్యను దగ్గరి బంధువుగా గుర్తించింది. దాత స్త్రీ అయినప్పుడు మరింత జాగ్రత్త తీసుకోవాలనీ, ఆమె స్వతంత్రంగా ఒప్పుకుందో లేదో రోగి కాని మరో వ్యక్తి నిర్ధారించాలనీ 2014 నియమాలు చెప్తున్నాయి. మంచి మాటే. కానీ 'నీకిష్టమేనా?' అని అడిగే గది బయట అత్తగారు, ఆడపడుచు, పిల్లలు కూర్చుని ఉంటే ఆ ప్రశ్నకు ఉన్న జవాబు ఒక్కటే. భయపడుతున్న దాతను కాపాడటానికి కొందరు వైద్యులు 'ఈమె కిడ్నీ పనికిరాదు' అని కుటుంబానికి చెప్పేస్తుంటారు. అది దయతో చెప్పిన అబద్ధం. నేను దాన్ని తప్పుపట్టలేను. అయినా అది ఒక సంగతి ఒప్పుకుంటోంది: ఆమె 'వద్దు'కు విలువ లేదు, ఆమె కిడ్నీ 'పనికిరాను' అంటేనే వింటారు.

ఈ జబ్బు మనకో వెసులుబాటు ఇస్తుంది. అది కాలం. ముప్ఫైలలోనే స్కానులో బయటపడి, ఇరవయ్యేళ్ళు వ్యవధినిచ్చే జబ్బులో హడావుడి సమ్మతికి సమర్థన లేదు. ఆ ఏళ్ళలో దాతకు వేరే వైద్యులు, వేరే సలహాదారు ఉండాలి. ఆమె ఇంకా పిల్లల్ని కనాలనుకుంటే, దాతల్లో గర్భధారణ సమయపు రక్తపోటు సమస్యలు మిగతావారిలో 5 శాతముంటే వీరిలో 11 శాతమని 2015లో వచ్చిన కెనడా అధ్యయనం సంగతి చెప్పాలి. ఆపరేషను తర్వాత ఆ ఇంటి చాకిరీ ఎవరు చేస్తారో ముందే తేల్చాలి. సమయం రాగానే రోగి పేరు జీవన్‌దాన్‌లో నమోదు చేయించాలి. మరణానంతర దానాల జాబితాలో స్త్రీ రోగులకు ప్రాధాన్యమివ్వాలని 2025 ఆగస్టులో నోటో సూచించింది. అది తీసుకునే స్త్రీకి మేలు. ఇవ్వాల్సి వస్తున్న స్త్రీ సంగతి ఇంకా మిగిలే ఉంది.

రోగిని సిద్ధం చేయడమంటే గుండె, మెదడు చూడటమొక్కటే కాదు. 'వద్దు' అన్న మాట విని, అన్న మనిషితోనే మళ్ళీ కూర్చుని అన్నం తినగలిగేలా అతన్నీ అతని కుటుంబాన్నీ సిద్ధం చేయడం కూడా. అలాంటి ఇంట్లో ఆమె అన్న 'సరే' మాత్రమే దానం.