ఆకలిగొన్నవాని హక్కు

అన్నదానమును మించిన దానము లేదని భారతీయులు తరతరములుగా విశ్వసించిరి. గృహస్థునకు అతిథిపూజ నిత్యవిధి. తనకొరకే వండుకొనుట శాస్త్రదృష్టిలో దోషము. సత్రములు, మఠములు, ధర్మశాలలు ఈ విశ్వాసమునుండియే వెలసినవి. అయినను ఇదే దేశమున లక్షలకొలది జనులు అన్నములేక మరణించిన సంవత్సరములు చరిత్రలో పలుమారు కానవచ్చుచున్నవి. దానమును ఇంతగా ఆదరించిన సమాజమున ఇట్లేల జరిగెను? దాతలు లేకపోవుటచేతనా? లేక ఆకలిగొన్నవాడు దయకు మాత్రమే పాత్రుడు, న్యాయమునకు పాత్రుడు కాడని తలచుటచేతనా? పరపాలననుండి విడివడి తమ బ్రతుకును తాము దిద్దుకొనుచున్న ఆసియా, ఆఫ్రికా దేశముల ఆర్థికసమస్యల మూలమున ఈ ధర్మసందేహమే దాగియున్నది.

1876–78 సంవత్సరములలో మద్రాసు రాజధానిని ఘోరమైన కరవు పీడించెను. బళ్ళారి, కర్నూలు, కడప మండలములు మిక్కిలి దెబ్బతినెను. నాటి ప్రభుత్వము సహాయమే చేయలేదనుట సత్యము కాదు. చేసినది, కాని ఆ సహాయమున కొలత యెక్కువ, కనికరము తక్కువ. కరవు పనులలో చెమటోడ్చు కూలివానికి, సర్ రిచర్డ్ టెంపుల్ సూచనపై, దినమునకు ఒక పౌను ధాన్యమును (సుమారు 450 గ్రాములు), దానితో స్వల్పమైన రొక్కమును వేతనముగా నిర్ణయించిరి. అంతటితో శ్రమచేయు దేహము నిలువజాలదని రాజధాని ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ వాదించెను. అనర్హుడు ఒక్కడును తినరాదను జాగ్రత్త, అర్హుడు ఒక్కడును చావరాదను జాగ్రత్తను మ్రింగివేసెను. ఇచ్చువాని చేతిలో త్రాసు మాత్రమే ఉండి, పుచ్చుకొనువాని చేతిలో ఏ అధికారమును లేనప్పుడు జరుగునది ఇదియే.

ఆ విపత్తు తరువాత, 1880లో ఒక సంఘము చేసిన విచారణ ఫలితముగా కరవు నియమావళులు రూపొందినవి. కరవు వచ్చినదని ప్రకటించినంతనే పని కల్పించుట, అశక్తులకు అన్నము పెట్టుట ప్రభుత్వమునకు విధియైనది. 1943లో వంగదేశమున మహాక్షామము ప్రబలినప్పుడు ఆ నియమావళి యున్నది. కాని వంగ ప్రభుత్వము కరవును ప్రకటింపనేలేదు. ప్రకటించినచో విధి నెరవేర్పవలసివచ్చును. ప్రకటింపనిచో చేసినదెల్ల దయయే యగును. ఆ క్షామమున మరణించినవారు 20 నుండి 30 లక్షల వరకుందురని పెక్కుమంది చరిత్రకారుల అంచనా.

దానికి కారణములు పలువిధములు. 1942లో బర్మా జపాను వశమగుటచే అచ్చటి బియ్యము రాక ఆగిపోయెను. శత్రువుల చేజిక్కునను భయముతో తీరమండలములలోని పడవలను ప్రభుత్వము తొలగించెను. యుద్ధవ్యయముచే ధరలు మిన్నంటెను. కలకత్తా పరిశ్రమలలోని పనివారికి చౌకధరకు బియ్యము అందెను గాని, పల్లెలలోని కూలివానికి, పడవ కోల్పోయిన జాలరికి, గిరాకి తగ్గిన క్షురకునికి అట్టి యాధారము లేకపోయెను. వారు నడచి నడచి నగరము చేరి, సరుకులు నిండిన అంగళ్ళ యెదుటనే ప్రాణములు విడిచిరి.

నాడు బాలుడుగా శాంతినికేతనమున ఆ దృశ్యములను చూచిన అమర్త్యసేన్, 1981లో ప్రకటించిన గ్రంథమున ఈ క్షామమును పరిశోధించెను. 1943లో లభ్యమైన ఆహారము, కరవు లేని 1941వ సంవత్సరముకంటె తక్కువ కాదని ఆయన వాదము. పంటల లెక్కలయందు పండితులకు భేదాభిప్రాయములు కలవు. అయినను ఆయన చూపిన మూలసత్యము నిలిచియే యున్నది: ఆహారము లేకుండుట వేరు, ఉన్న ఆహారముపై మనుజునికి అధికారము లేకుండుట వేరు. 1973లో ఇథియోపియాలోని వొల్లో సీమయందు జనులు ఆకలిచే నశించుచుండగా, వారికి కొనుశక్తి లేనందున అచ్చటి ధాన్యము బయటి విపణులకు తరలిపోయెను. 1974లో బంగ్లాదేశమున వరదలు వచ్చి నాట్లు ఆగిపోగా, పంట తగ్గుటకు ముందే కూలివాని కూలి పోయెను. కూలితో కూడు పోయెను.

ఒక మనుజునికి సంభవించిన ఈ దైన్యము ఒక దేశమునకును సంభవింపవచ్చును. 1965, 66 సంవత్సరములలో వరుసగా వానలు వెనుకంజ వేయగా భారతదేశము పరదేశముల ధాన్యముపై ఆధారపడెను. వారమున కొక పూట భోజనము మానుడని 1965లో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి ప్రజలను కోరెను. 1966లో దిగుమతియైన ధాన్యము సుమారు కోటి టన్నులు. అందధికభాగము అమెరికా గోధుమలే. ఆ గోధుమలు ఎందరి ప్రాణములనో నిలిపినవి. ఆ మేలు మరువదగదు. కాని ఓడలను నెలనెలకు కొలిచి, తమ విధానములకు అనుకూలత చూపినకొలదియే పంపు పద్ధతిని ఆ దేశాధ్యక్షుడు జాన్సన్ అవలంబించెను. పెట్టు చేయి మాటను కూడ శాసింపగోరునని భారతదేశము నాడు గ్రహించినది. ఆ గ్రహింపు స్వయంపోషణకు ప్రేరణమైనది. అయితే పరదేశము ముంగిట నిలిచి తాను అనుభవించిన సంకోచమునే, తన ముంగిట నిలిచిన పేదవాడు నిత్యము అనుభవించుచున్నాడని సమాజము గ్రహించుటకు మరికొంతకాలము పట్టెను.

ఏలయన గాదెలు నిండినంతమాత్రమున కడుపులు నిండలేదు. 2001లో ప్రభుత్వ గిడ్డంగులలో 5 కోట్ల టన్నులకు పైగా ధాన్యముండగా, కరవుసీమలలో ఆకలి తీరలేదు. ఆ విషయము సర్వోన్నత న్యాయస్థానము వరకు పోగా, ప్రభుత్వ పాఠశాలలలోని పిల్లలకు వండిన భోజనము పెట్టవలెనని ఆ సంవత్సరము నవంబరు 28న న్యాయస్థానము ఆదేశించెను. ఇట్టి ప్రయత్నములు అంతకుముందును కలవు. 1956లో మద్రాసు రాష్ట్రమున కామరాజు బడిపిల్లలకు మధ్యాహ్నభోజన మేర్పరచెను. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో నందమూరి తారక రామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యము నొసంగెను. కాని ప్రభువుల యిచ్ఛపై నడచిన పథకము వేరు, శాసనముచే నిలిచిన హక్కు వేరు. 2013లో వెలువడిన ఆహారభద్రతా శాసనము దేశజనులలో సుమారు మూడింట రెండువంతుల మందికి చౌకధాన్యమును హక్కుగా నిర్ణయించెను. బడిలో పంక్తియందు కూర్చున్న బిడ్డ ఎవరి యెదుటను చేయి చాపలేదు. తోటివారితో కలిసి తినుచున్నది, తలయెత్తి తినుచున్నది.

ఇచ్చట కొన్ని ఆక్షేపణలు వినవచ్చును. అడుగకయే అన్నము దొరకినచో జనులు సోమరులగుదురని కొందరందురు. ఈ శంక పూర్తిగా నిరాధారమైనది కాదు. శ్రమకు అవకాశము కల్పింపని సహాయము మనుజుని కుంగదీయును. కాని వంగదేశమున మరణించినవారు సోమరులు కారు. నేల దున్నినవారు, వల విసరినవారు. పనిచేయు చేతులకు పని లేకుండుటయే వారి నేరము. వేరొకరు, ఎవరి కర్మను వారనుభవింపక తప్పదందురు. కర్మసిద్ధాంతము తన కష్టమును తాను ధైర్యముతో సహించుటకై చెప్పబడినది. పరుల కష్టమును నిశ్చింతగా చూచుటకై కాదు. ఆకలి ఒకని పూర్వకర్మ ఫలమే యనుకొన్నను, దానిని చూచుచు ఊరకుండుట చూచువాని వర్తమానకర్మ యగుచున్నది కదా!

మూడవ ఆక్షేపణ గంభీరమైనది. అన్నము హక్కైనచో దానధర్మమునకు తావెక్కడ? దయ అను సద్గుణమే నశింపదా? దీనికి సమాధానము దానలక్షణమునందే కలదు. ప్రతిఫలము కోరక, వినయముతో, కర్తవ్యబుద్ధితో ఇచ్చునదే సాత్త్వికదానమని పెద్దలు నిర్ణయించిరి. పుచ్చుకొనువాడు ఎల్లకాలము పుచ్చుకొనువాడుగనే ఉండవలెనని లోలోపల కోరునది దానము కాదు, అహంకారము. నిజమైన దాత తన అవసరము లేని దినమును కోరును. న్యాయము చేయవలసిన చోట దానము చేసి కీర్తి గడించుట, ఋణము తీర్చి వితరణమని చెప్పుకొనుట వంటిది.

అంతమాత్రమున శాసనముతో సర్వము సిద్ధించునని తలపరాదు. శాసనము బియ్యము నీయగలదు, మర్యాద నీయజాలదు. చౌకడిపో యెదుట నిలిచిన వృద్ధురాలిని కసరి పంపినచో, ఆమె హక్కు కాగితముపై నిలిచియుండియు హృదయమున భగ్నమైనది. గోదావరీతీరమున లంకల గన్నవరమునందు డొక్కా సీతమ్మగారు (1841–1909) వచ్చినవారికెల్ల వేళగాని వేళలలో సైతము అన్నము పెట్టిరి. ఆంధ్రులు ఆమెను అన్నపూర్ణగా తలచుట వడ్డించిన అన్నపురాశిని చూచి కాదు. వచ్చినవాడు యాచకుడు కాడు, అతిథియే యను ఆమె భావమును చూచి. హక్కును అమలుజరుపు ప్రతి ఉద్యోగికి, ప్రతి పాఠశాల వంటయింటికి ఆ భావము అవసరము.

కనుక న్యాయము దయకు శత్రువు కాదు. దయ నిలుచుటకు న్యాయము పునాది, న్యాయము ప్రాణవంతమగుటకు దయ ఊపిరి. ఒక దేశము ఎన్ని ఆనకట్టలు కట్టెను, ఎన్ని యంత్రములు నెలకొల్పెను అనునవి దాని అభివృద్ధికి గుర్తులే. కాని అచ్చట కడపటి మనుజుడు తన అన్నమును ఏ కన్నులతో అందుకొనుచున్నాడో అదియే దాని ధర్మమునకు గుర్తు. ఆ కన్నులు నేలచూపులు చూచుచున్నంతకాలము పెట్టువాని ధర్మము పూర్తికాలేదనియే తెలియవలెను.