ప్రేమ ఒక్కటే చాలునా?



మన సంఘములలో అక్కడక్కడ కనబడు కుటుంబములను గూర్చి ఈసారి వ్రాయుచున్నాను. తల్లికి డెబ్బై దాటినవి. బుద్ధివికాసము తక్కువగా పుట్టిన కుమారునికి యాభై వచ్చినవి. పిల్లవాడుగా ఉన్నప్పుడు అతనిని ఎట్లు చూచుకొనవలెనో ఆమెకు తెలిసెను. ముసలితనములో ఎట్లు చూచుకొనవలెనో ఎవరును చెప్పలేదు. ఇట్టివారిని చూచుకొనువారికి ఇప్పుడు ఇంటివద్దనే ఫోనులో విని నేర్చుకొను శిక్షణలు వచ్చుచున్నవి.

"తల్లికి శిక్షణ ఏమిటి? ప్రేమ ఉంటే చాలదా? మన అమ్మమ్మలు ఏ తరగతికి వెళ్లి నేర్చుకొన్నారు?" అని కొందరు అడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. అయితే ఒక సంగతి గమనించవలెను. డౌన్ సిండ్రోముతో పుట్టినవారు 1929 ప్రాంతములో పాశ్చాత్య దేశములలో సైతము సగటున సుమారు 9 ఏళ్లు మాత్రమే బ్రదికెడివారు. గుండె శస్త్రచికిత్సలు, మంచి మందులు వచ్చిన తరువాత నేడు అక్కడ వారి సగటు ఆయువు 60 వరకు చేరినది. అమ్మమ్మలకు తెలిసినది బిడ్డను పెంచుట. అట్టి బిడ్డ తల నెరయుట వారిలో చాలమంది చూడలేదు. చూడని దానిని మనకు ఎట్లు నేర్పగలరు?

నేర్చుకొనవలసినది చాల ఉన్నది. డౌన్ సిండ్రోము గలవారిలో 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉండును. అల్జీమర్స్ వ్యాధికి సంబంధించిన ఒక జన్యువు దానిమీదనే ఉన్నందున, 40 ఏళ్లకే వారి మెదడులో ఆ వ్యాధి మార్పులు కనబడును. థైరాయిడు లోపము, కంటి శుక్లము, చెవుడు కూడ ఇతరులకంటె ముందుగా రావచ్చును. నిన్నటి వరకు తానే చొక్కా గుండీలు పెట్టుకొన్నవాడు నేడు పెట్టుకొనలేడు. పిలిచిన పలుకడు. ఇంటివారు మొండితనమనుకొని గద్దింతురు. "మొదటినుండి అంతే గదా" అని వైద్యులే పంపివేయుట కూడ కద్దు. అది చెవిలో గులిమి కావచ్చును, థైరాయిడు కావచ్చును, మతిమరుపు ఆరంభము కావచ్చును. మొదటి రెంటికి సులభమైన చికిత్స కలదు. గద్దించిన తల్లికి ప్రేమ తక్కువయని ఎవరు అనగలరు? ఆమెకు లేనిది తెలివిడి మాత్రమే. కనుక నేర్చుకొనుట ప్రేమలో ఒక భాగమే గాని దానికి పోటీ కాదు.

రెండవది, ప్రేమ పేరిట మనము అన్నియు చేసిపెట్టుచుందుము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో చురుకైన వృద్ధాప్యమునకు మూడు ఆధారములు చెప్పినది: ఆరోగ్యము, నలుగురిలో పాల్గొనుట, భద్రత. మనము భద్రతను పట్టుకొని రెండవదానిని విడిచిపెట్టుచున్నాము. పడిపోవునేమోనని కూర్చోబెట్టుదుము. ఏ చొక్కా వేసుకొనవలెనో మనమే నిర్ణయింతుము. ఉపాధ్యాయ శిక్షణలో మాకు నేర్పినట్లు, పిల్లవాని చేత చేయించుటకు చేసిపెట్టుటకంటె ఎక్కువ ఓపిక కావలెను. పెద్దవాని విషయములోను అంతే. కొంత అపాయము ఉండును, నిజమే. అయినను కుర్చీలో కూర్చుండబెట్టిన మనిషి కాళ్లు త్వరగా బలము కోల్పోవును. అదియు అపాయమే.

మతిమరుపు గలవారిని చూచుకొనువారి కొరకు అదే సంస్థ 2019లో ఐసపోర్ట్ అను ఆన్‌లైన్ శిక్షణను విడుదల చేసినది. బెంగుళూరు నిమ్హాన్స్ వారు దానిని మన దేశ కుటుంబములకు తగినట్లు మార్చి పరీక్షించిరి. అందులో చేరినవారిలో చాలమంది చివరివరకు కొనసాగలేకపోయిరి. మన ఇండ్ల సంగతి తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యము లేదు. వంట, మందులు, స్నానము, రాత్రి నిద్ర లేమి, వీటి నడుమ పాఠము వినుటకు గంట ఎక్కడిది? కాబట్టి "ఆమె ఎందుకు నేర్చుకొనదు?" అని అడుగుటకు ముందు, ఆ గంటసేపు ఆమె కుమారునితో ఎవరు కూర్చుందురో మనము చెప్పవలెను.

పొరుగు రాష్ట్రములలో స్థిరపడిన మనకు మరియొక చిక్కు ఉన్నది. మనము బజారులో కన్నడము, తమిళము, ఒడియా, మరాఠీ మాటలాడుదుము. అతనికి తెలిసినది ఇంటి తెలుగే. తల్లి పోయిన తరువాత ఏదో ఒక ఆశ్రమములో చేర్చినయెడల, "కడుపులో నొప్పి" అన్న మాట అర్థము చేసికొనువారు అక్కడ ఉండకపోవచ్చును. పరాయి భాషను యాభై ఏళ్ల వయస్సులో నేర్చుకొమ్మని అతనిని అడుగలేము. ఆ తెలుగు వచ్చినవారు మనమే గనుక, నేర్చుకొను బాధ్యత తల్లితో కూడ మనకును ఉన్నది.

కనుక ప్రతి సంఘములో ఇద్దరు యౌవనస్థులైనను ఇట్టి శిక్షణ పొంది, తల్లి జీవించియుండగానే ఆ ఇంటికి అలవాటు పడవలెను. ఆ గంటను స్త్రీల సమాజము వారు పంచుకొనవచ్చును. 18 ఏళ్లు నిండినవారికి చట్టబద్ధ సంరక్షకుని నియమించుటకు 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము క్రింద జిల్లా కలెక్టరు ఉండు స్థానిక కమిటీకి దరఖాస్తు చేయవచ్చును. ఆ కాగితములలో తల్లిదండ్రులకు చదువుకొన్నవారు సహాయపడవలెను. "నా తరువాత ఎవరు?" అని పైకి అడుగలేక లోలోపల కుములుచున్న తల్లిదండ్రులు మన మధ్య ఉన్నారు. వారు అడుగువరకు ఆగక, వచ్చే సంఘ కూటములోనే ఈ సంగతి మాటలాడుదురు గాక.