గుడి గోడ మీద మీ పేరు దేవుడికి అవసరమా?



పాత గుడికి వెళ్తే ఒకటి గమనించండి. స్తంభం మీద తాళం చెవితో గీకిన పేర్లు, మధ్యలో ఒక లవ్ సింబల్, పక్కన తేదీ. పరీక్షల టైంలో హాల్ టికెట్ నంబర్లు కూడా. చూసి "ఛీ" అనుకుని ముందుకెళ్తాం. కానీ ఆ రాతలో ఉన్న కోరిక చెడ్డదేం కాదు. "స్వామీ, నేను వచ్చాను, నన్ను గుర్తుపెట్టుకో" అనే కదా!

ఆ కోరికకి మన పెద్దలు ఎప్పుడో చోటిచ్చారు. అదే సంకల్పం. అర్చనకి ముందు పూజారిగారు గబగబా ఏం చదువుతారో ఈసారి వినండి. ఏ ద్వీపం, ఏ ఖండం, ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ తిథి, ఏ గోత్రం, ఏ పేరు. అంటే ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అన్నీ అందులోనే ఉన్నాయి. మీ అటెండెన్స్ స్వామి దగ్గర పడిపోయింది. ఇంకా రాయిని గీకడం దేనికి?

"మరి రాజులు రాయించలేదా?" అని ఒక ఫ్రెండ్ అడిగాడు. మంచి ప్రశ్నే. పాలంపేట రామప్ప గుడి 1213లో కట్టింది. కట్టించిన రేచర్ల రుద్రుడి పేరు శాసనంలో ఉంది. కానీ గుడి శాసనాల్లో ఎక్కువగా కనపడేది దానమే. పొలం ఇచ్చాం, దీపానికి ఏర్పాటు చేశాం, చెరువు తవ్వించాం అని. పేరు ఆ పని వెనకాల వస్తుంది. మా ఆఫీసులో కూడా అంతే. కోడ్‌లో ఏ మార్పూ చేయకుండా పేరు మాత్రం ఎక్కించుకుంటే టీమంతా నవ్వుతుంది.

ఆ గుడిని జనం పిలిచేది శిల్పి పేరుతోనే అంటారు. ఆయన గీకింది పేరు కాదు, ఉలితో చేసింది సేవ.

రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే 1958 చట్టం ప్రకారం 2 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కానీ భయంతో మానేయడం భక్తి కాదు. ఆ రాయి కూడా స్వామి ఒళ్లే అనుకుంటే చెయ్యి దానంతటదే ఆగుతుంది.

రాయాలనిపిస్తే రామకోటి పుస్తకం ఉంది. మెట్రోలో రాసుకున్నా సిగ్గుపడక్కర్లేదు. అక్కడ రాసేది మన పేరు కాదు, ఆయన పేరు.

శుభం.