ఆశకు వెల

కనిగిరి ప్రాంతమున నీటిలోని ఫ్లోరైడును, మూత్రపిండముల వ్యాధియు జనులను చిరకాలముగ బాధించుచున్నవి. వారమునకు రెండు మూడు మారులు డయాలిసిస్ చేయించుకొను రోగితో, మూలకణములచే మూత్రపిండము మరల చిగుర్చునని యెవరైన చెప్పినచో, అతడు మిరపచేను అమ్మియైనను పోవును. పోవుట తప్పని మేమనము. కాని యా చికిత్స యింకను పరీక్షాదశయందే యున్నది. అట్టివానిని అనుమతి పొందిన పరిశోధనలయందే చేయవలెననియు, రోగివద్ద సొమ్ము గొనరాదనియు భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి నియమావళి చెప్పుచున్నది. ఇది న్యాయము. పరీక్షకు లోనగువాడు శాస్త్రమునకు తన దేహమునే యిచ్చుచున్నాడు. దాతవద్ద వెల గొనుట యెట్లు? నకిలీ విత్తనము లమ్మువానిని మన రైతులు దొంగ యందురు. మొలచునో లేదో తనకే తెలియని విత్తనమునకు నిండు వెల గొనువాని నేమనవలెను? ఆ పరీక్ష ప్రభుత్వపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైనదా యని రోగి యింటివారు ముందుగ నడుగవలెను.