మేయెల్లా అబద్ధం

హార్పర్ లీ 1960లో ప్రచురించిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ నవలలో మేయెల్లా యూయెల్ ఎందుకు అబద్ధమాడింది? పేదరికం వల్ల అంటారు కొందరు. ఆ జవాబు సగం మాత్రమే నిజమని నా అభిప్రాయం.

ఆమె దైన్యం కాదనలేనిది. అలబామాలో ఊరి చెత్తకుప్ప పక్కన గుడిసె, తాగుబోతు తండ్రి, తల్లిలేని తోబుట్టువుల బరువు. పంతొమ్మిదేళ్ళ ఆ పిల్లకు స్నేహితులే లేరు. కూలి పుచ్చుకోకుండా సాయపడ్డవాడు నల్లజాతి కూలీ టామ్ రాబిన్సన్ ఒక్కడే. ఆమే అతన్ని దగ్గరకు తీసుకోబోయింది. తండ్రి చూశాడు, కొట్టాడు. అత్యాచార నేరం మాత్రం టామ్ నెత్తిన పడింది.

తండ్రి అంటే భయం ఉంది, నిజమే. కాని భయం ఒక్కటే మనిషిని ఉరికంబం దాకా తీసుకుపోలేదు. తెల్ల సమాజం మేయెల్లాకు తిండీ చదువూ ఇవ్వలేదు. ఇచ్చిన ఆస్తి ఒక్కటే: నల్లవాడి మాటకన్నా ఆమె మాటకు విలువెక్కువ. ఆ ఆస్తినే ఆమె ఖర్చుపెట్టింది. టామ్ ఎడమచేయి పనిచేయదని కళ్ళారా చూసిన జ్యూరీ ఆ మాటను చెల్లుబాటు చేసింది.

అయితే ఆమెకు వేరే దారి లేదా? 1931లో స్కాట్స్‌బరోలో ఇద్దరు తెల్ల యువతులు తొమ్మిదిమంది నల్లజాతి కుర్రాళ్ళపై ఇదే నేరం మోపారు. వారిలో రూబీ బేట్స్ నిరుపేద మిల్లు కూలీ. 1933లో ఆమె కోర్టుకు వచ్చి, అదంతా అబద్ధమని చెప్పింది. జ్యూరీ వినలేదు, అయినా ఆమె చెప్పింది.

కనుక పేదరికం ఆ అబద్ధానికి కారణమే గాని సమర్థన కాదు. మేయెల్లా మీద జాలిపడదాం. ఆ జాలిని టామ్‌కు రావలసిన న్యాయంలోంచి కోసి ఇవ్వకుండా ఉందాం.