ఎల్మ్ స్ట్రీట్ పిల్లలు మోసింది ఎవరి పాపం?

తల్లి మార్జ్ తన కూతురు నాన్సీని ఇంటి నేలమాళిగలోకి తీసుకెళ్లి, ఫర్నేస్‌లో దాచిన గుడ్డమూట విప్పుతుంది. లోపల వేళ్లకు కత్తులు బిగించిన చేతితొడుగు ఉంటుంది. ఫ్రెడ్ (ఫ్రెడ్డీ) క్రూగర్ అనేవాడు కనీసం ఇరవైమంది పిల్లల్ని చంపాడనీ, సోదా వారెంటు మీద సరైన చోట సంతకం లేదని కోర్టు వాణ్ని వదిలేసిందనీ, దాంతో పిల్లల తల్లిదండ్రులే వాణ్ని బతికుండగా తగలబెట్టారనీ చెబుతుంది. వెస్ క్రేవెన్ 1984లో తీసిన ‘ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్’కు ఈ సన్నివేశమే గుండెకాయ. తగలబెట్టింది పెద్దలు. కలల్లోకి తిరిగొచ్చిన వాడి కత్తిపోట్లకు చస్తున్నది వాళ్ల పిల్లలు.

పెద్దల పాపం పిల్లలకు తగులుతుందా? బైబిల్లోనే ఈ ప్రశ్నకు రెండు జవాబులున్నాయి. తండ్రుల దోషం మూడు నాలుగు తరాల వరకూ వెంటాడుతుందని నిర్గమకాండం హెచ్చరిస్తుంది. తండ్రులు పుల్లద్రాక్ష తింటే పిల్లల పళ్లు పులిశాయన్న సామెత ఇక చెల్లదు, ఎవడి పాపం వాడిదే అంటాడు యెహెజ్కేలు ప్రవక్త. మన భారతంలో మాండవ్య ముని ఇంకా గట్టివాడు. పసితనంలో పురుగుల్ని పుల్లతో గుచ్చినందుకు తనను కొరత వేయించడం ఏం న్యాయమని యముణ్నే నిలదీసి, పద్నాలుగేళ్లలోపు చేసింది పాపం కాదని కట్టడి చేశాడు. ఎల్మ్ స్ట్రీట్ పిల్లలు పురుగుల్ని కూడా గుచ్చలేదు.

క్రేవెన్ ఈ ప్రశ్నల మధ్యే పెరిగాడు. సినిమాలంటే గిట్టని కరడుగట్టిన బాప్టిస్టు కుటుంబం వాళ్లది. చదివింది ఇల్లినాయ్‌లోని క్రైస్తవ విద్యాసంస్థ వీటన్ కాలేజీలో. ఆ తర్వాత జాన్స్ హాప్‌కిన్స్‌లో తత్వశాస్త్రం, రచన చదివి ఎం.ఏ. పట్టా పుచ్చుకున్నాడు. ‘ఎల్మ్ స్ట్రీట్’ మొదటి సినిమా పతాక సన్నివేశంలో ఆ చదువు కనిపిస్తుంది. నాన్సీ ఫ్రెడ్డీకి వీపు తిప్పి, తన భయం వల్ల వాడికి చేరిన బలాన్నంతా వెనక్కి తీసేసుకుంటుంది. వాడు మాయమైపోతాడు. చెడుకు సొంత ఉనికి లేదు, అది మంచి లేకపోవడమేనన్న సెయింట్ అగస్టీన్ వాదానికి ఇంతకన్నా సూటి దృశ్యరూపం దొరకదు. కథ అక్కడితో ఆగాలన్నది క్రేవెన్ కోరిక. న్యూలైన్ సినిమా అధిపతి రాబర్ట్ షేకు మాత్రం రెండో భాగానికి దారి కావాలి. చివరికి ఫ్రెడ్డీ మిగిలాడు. అగస్టీన్ ఓడింది వేరే వేదాంతి చేతిలో కాదు, నిర్మాత చేతిలో!

1985 నాటి రెండో భాగాన్ని పక్కన పెడితే, 1987లో వచ్చిన మూడోది ‘డ్రీమ్ వారియర్స్’ గట్టి సినిమా. దాని రచనలో క్రేవెన్‌కూ భాగముంది. ఫ్రెడ్డీ ఎముకలు పాత కార్ల దిబ్బలో దిక్కులేకుండా పడున్నాయని, పవిత్రజలం చల్లి పూడ్చితేనే వాడి పీడ విరగడవుతుందని తెలుస్తుంది. అవి ఎక్కడున్నాయో తెలిసినవాడు నాన్సీ తండ్రి, మాజీ పోలీసు. తాగుబోతైన ఆ మనిషిని అక్కడికి ఈడ్చుకుపోతారు, అక్కడే చస్తాడు. ఈ వరుసలో పెద్దల తరం ప్రాయశ్చిత్తం దాకా వచ్చింది ఈ ఒక్కసారే.

చిక్కు కూడా ఇక్కడే మొదలైంది. ఫ్రెడ్డీ తల్లి అమాండా ఒక నన్ అనీ, పిచ్చాసుపత్రిలో పొరపాటున ఖైదీల మధ్య చిక్కుకుపోయి అత్యాచారానికి గురై వాణ్ని కన్నదనీ ఈ భాగమే చెప్పింది. అంటే చెడు రక్తంలో ఉందన్నమాట. వీధివాళ్లు చేసిన హత్య గురించి ఇక ఆలోచించనక్కర్లేదు.

నాలుగో భాగంలో (1988) ఒక కుక్క మంటలు మూత్రంగా పోస్తే ఫ్రెడ్డీ లేస్తాడు. అప్పటిదాకా వచ్చినవాటిలో ఎక్కువ వసూళ్లు తెచ్చింది ఇదే. ఐదోదాంట్లో (1989) వాడు గర్భస్థ శిశువు కలల్లో దూరతాడు. జన్మపాపం అన్న మాటను ఇంత అక్షరాలా తీసుకున్న వ్యాపార సినిమా అరుదు. జనం పెద్దగా ఆదరించలేదు గానీ, నాలుగోదానికన్నా ఇందులో ఆలోచన ఎక్కువ.

ఆరోది (1991) నిరాశపరుస్తుంది. అందులోని పిల్లల్లో తల్లిదండ్రుల చేతుల్లో నలిగినవాళ్లున్నారు: ఒకడికి తల్లి చెవి పాడుచేసింది, ఒకమ్మాయిని తండ్రే చెరిచాడు. మొదటి సినిమా ప్రశ్న మళ్లీ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. దర్శకురాలు రేచల్ తలలే దాన్ని లోపలికి పిలవలేదు. మంటల్లో కాలుతున్న ఫ్రెడ్డీకి కలల దయ్యాలు శక్తినిచ్చాయని చెప్పి, త్రీడీ కళ్లద్దాలు పెట్టించి, బాంబుతో పేల్చేశారు. తప్పు దయ్యాలది అనగానే అందరి చేతులూ శుభ్రమైపోయాయి. భయం పోయింది కూడా అందుకే.

1994లో క్రేవెన్ తిరిగొచ్చి ‘న్యూ నైట్‌మేర్’ తీశాడు. నాన్సీ వేషం వేసిన హెదర్ లాంగెన్‌క్యాంప్ ఇందులో హెదర్‌గానే కనిపిస్తుంది. క్రేవెన్, షే కూడా తమ పేర్లతోనే నటించారు. ఆ ఏడాది జనవరిలో లాస్ ఏంజెలెస్‌ను కుదిపిన నార్త్‌రిడ్జ్ భూకంపం శిథిలాలూ తెరమీద ఉన్నాయి. ప్రాచీనమైన ఒక చెడును కథలు బంధించి ఉంచుతాయనీ, కథ పలచబడితే అది బయటపడుతుందనీ క్రేవెన్ ఇందులో చెబుతాడు. ఐదు సీక్వెల్స్ చేసిన పని అదేనన్న చురక దాచినా దాగదు. వసూళ్లలో ఇది అడుగున నిలిచింది.

2010 రీమేక్ ఒక మంచి అనుమానం లేపింది: పెద్దలు కాల్చింది నిర్దోషినేమో! కాసేపటికే, కాదు, వాడు దోషేనని తేల్చి చేతులు దులుపుకుంది. దోషినైనా తగలబెట్టే హక్కు వీధికి ఎవరిచ్చారన్న ప్రశ్న మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

సీక్వెల్స్‌లో చూడాల్సినవి మూడోది, ఏడోదైన ‘న్యూ నైట్‌మేర్’. ఓపికుంటే ఐదోది. ఆరోది చూడకపోయినా పోయేదేమీ లేదు.