కనబడలేదు, కనుక లేదు

నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్ వైపు నడిచినప్పుడల్లా నాకు 1889 నాటి కుక్కలు జ్ఞాపకం వస్తాయి. 1908 మూసీ వరదలో పోయిన ఇక్కడి ఆసుపత్రిలోనే డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పనిచేశాడు. సాహిత్యం పాఠాలు చెప్పేవారికి ఈ గొడవ దేనికని మిత్రులు అడుగుతారు. ‘లేదు’ అంటే ‘కనబడలేదు’ అనా, ‘ఉండదు’ అనా అన్నది మాటలతో బతికేవాళ్ళకు పట్టని ప్రశ్న కాదు గదా!

క్లోరోఫారం వల్ల చనిపోయే రోగికి ముందు ఆగేది ఊపిరా, గుండెా అని ఆనాడు పెద్ద వివాదం. 1848లో ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్ల కాలిగోరు తీయించుకోబోయి, క్లోరోఫారం పీల్చిన కొద్ది నిమిషాల్లోనే మరణించింది. లారీ మాత్రం ఊపిరిని కనిపెట్టుకుంటే చాలు, నాడి పట్టనక్కరలేదన్నాడు. నిజాము డబ్బిచ్చాడు, లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. నాలుగు వందలకు పైగా జంతువులపై పరీక్షలు జరిగాయి. గుండె ముందుగా ఆగటం కనబడలేదు. కనుక గుండెకు నేరుగా అపాయమే లేదని తేల్చారు.

ఆ ‘కనుక’ దగ్గరే నా పేచీ.

గుండె ఆగటం నూటికి ఒకసారి జరిగేదే అనుకుందాం. అప్పుడు నాలుగు వందల పరీక్షల్లో ఒక్కటీ కనబడకపోయే అవకాశం, 0.99ను నాలుగు వందలసార్లు హెచ్చవేస్తే, సుమారు 0.018. గణాంకశాస్త్రంలో పి-విలువ అనేది ఇదే. ఫిషర్ 1925లో ప్రచారంలోకి తెచ్చిన 0.05 గీతకు ఇది లోపలే ఉంది; కాబట్టి ‘నూటికి ఒకటి’ అన్న ఊహను వదులుకోవచ్చు. మరి వెయ్యికి ఒకటి అనుకుంటే? అదే విలువ 0.67. అంటే అపాయం నిజంగా ఉన్నా, ఇలాంటి పరీక్షలు నూరు జరిపితే అరవైయేడింట ఏమీ కనబడదు. ఈ 0.67 ఊహ నిజమయ్యే అవకాశం కాదు సుమా. ఊహ నిజమైతే మనం చూసినది కనబడే అవకాశం. చదువుకున్నవాళ్ళు కూడా ఈ రెంటినీ తారుమారు చేస్తారు.

పైగా, ప్రతి పరీక్షలోనూ అపాయానికి సమానమైన అవకాశం ఉందని ఈ లెక్క ముందే ఒప్పుకుంటుంది. 1911లో లెవీ పిల్లులపై పరీక్షించి, మత్తు తేలికగా ఉన్నప్పుడే గుండె లయ తప్పి ఆగిపోగలదని చూపించాడు. హైదరాబాదులో ఎక్కువగా వెదికింది మోతాదు మించినచోట. వీధివాకిట కాపలా, దొడ్డిదారిన దొంగ!

గీత ఎక్కడ గీయాలో గణితం చెప్పదు. నాడి అక్కరలేదన్న మాట తప్పైతే దాని ఖర్చు లారీది కాదు, బల్లమీద పడుకున్న మనిషిది. ఆ మనిషిని అడిగి ఉంటే, ఊపిరి చూస్తూనే మణికట్టు మీద రెండు వేళ్ళు కూడా ఉంచమని బతిమాలుకునేవాడేమో.